సబ్సిడీ లేదనుకుని సబ్సిడీ ఇల్లు కొనడం ఎలా

ఖమ్మంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లే దారిలో నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు, అఫిడవిట్ టైపింగ్, లామినేషన్ కూడా చేస్తాను. మొన్నొక జంట వచ్చారు. ఆయన ఆటో నడుపుతాడు, ఆమె కమాన్ బజార్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆమె ఫోన్‌లో ఫ్లెక్సీ ఫొటో చూపించింది. అపార్ట్‌మెంట్ బొమ్మ, దాని పక్కన పెద్ద అక్షరాలతో "ప్రభుత్వ సబ్సిడీ 1.80 లక్షలు".

"అన్నా, ఈ ఫారం నీ దగ్గర ఉందా? ఎల్లుండి అడ్వాన్స్ ఇస్తున్నాం."

ఫారం సంగతి తర్వాత, ముందు కూర్చోండమ్మా అన్నాను. కాయితం తీసి అరగంట లెక్క వేశాం. వాళ్లు ఎల్లుండి అడ్వాన్స్ ఇవ్వలేదు. అలాగని ఇల్లు కొనే ఆలోచనా మానుకోలేదు. ఆ అరగంటలో వేసిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. దీనికి నాకున్న అర్హత ఒక్కటే. 2018లో నేనూ ఇలాగే ఒక ఫ్లెక్సీ చూసి ఫ్లాటు కొన్నాను.

మా కథ ముందు

అప్పుడు కేంద్ర ప్రభుత్వ ఇళ్ల పథకం, ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో వడ్డీ సబ్సిడీ ఇంకో రకంగా ఉండేది. ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు, హోమ్ లోన్‌లో మొదటి 6 లక్షల మీద 6.5 శాతం వడ్డీని ప్రభుత్వం భరించేది. 20 ఏళ్ల వడ్డీ భారాన్ని ఈనాటి విలువకు లెక్కగట్టి ఒకేసారి లోన్ ఖాతాలో వేసేవాళ్లు. గరిష్ఠంగా 2,67,280 రూపాయలు. మా వర్గానికి ఆ పథకం 2022 మార్చితో ముగిసింది.

షాపు మీద, మా ఆవిడ బ్లౌజులు కుట్టినదాని మీద కలిపి నెలకు 28 వేలు వచ్చేవి. అద్దె 5,500. ఫ్లాటు 15.25 లక్షలు, కారు పార్కింగ్‌కు ఇంకో 75 వేలు, మొత్తం 16 లక్షలు. మాకున్నది పాత స్కూటర్. పార్కింగ్ ఎందుకని అడిగితే బిల్డర్ మనిషి నవ్వి, "సార్, మీకు గవర్నమెంటే రెండు లక్షల అరవై ఏడు వేలు ఇస్తోంది కదా, పార్కింగ్ దగ్గర బేరమేంటి?" అన్నాడు. ఆ మాటతో నా నోరు మూతపడింది. రాని డబ్బు చూసి చేతిలో డబ్బు ఖర్చుపెట్టడం అంటే అదే.

బ్యాంకు 12 లక్షలు ఇచ్చింది. వడ్డీ 8.6 శాతం, 20 ఏళ్లు, ఈఎంఐ 10,490. మిగతా 4 లక్షలు చిట్టీ ఎత్తిన డబ్బు, మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టిన డబ్బు. ఇక రిజిస్ట్రేషన్ 96 వేలు, వైరింగ్, గ్రిల్స్, మీటరు లాంటి ఖర్చులకు చేతిలో పైసా లేదు. లక్షన్నర నోటు రాసి తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే నెలకు 3 వేలు వడ్డీకే.

సబ్సిడీ పద్నాలుగు నెలల తర్వాత పడింది. మా ఆవిడ ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, లోన్ పత్రాల్లో పొడి అక్షరమే ఉంది. ఆ ఒక్క తేడాతో అప్లికేషన్ రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ పద్నాలుగు నెలలూ ఈఎంఐ, నోటు వడ్డీ, మెయింటెనెన్స్ 800 కలిపి 14,290 కట్టాం. వచ్చే ఆదాయంలో సగం పైనే. పాప ట్యూషన్ మాన్పించాం. పండగకు బట్టలు లేవు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ముందు టెన్షన్ ఈఎంఐ గురించే.

చివరికి సబ్సిడీ పడ్డాక ఈఎంఐ 8,098కి దిగింది. తగ్గింది 2,392. నోటు వడ్డీ మాత్రం ఇంకా 3 వేలే. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చినదానికంటే వడ్డీ వ్యాపారి ఇంకో చేత్తో తీసుకున్నదే ఎక్కువ. తక్కువ ఆదాయం ఉన్న ఇంట్లో సబ్సిడీ చిక్కంతా ఇక్కడే ఉంది. మనకు డబ్బు ఆడనిది కొనే రోజున. సబ్సిడీ వచ్చేదేమో కొన్నాక ఎప్పుడో.

మీది ఏ పథకమో తేల్చుకోండి

ఊళ్లో సొంత జాగా ఉండి ఇల్లు లేకపోతే ఫ్లాటు జోలికి పోకండి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం ఉంది. 2024 మార్చి 11న మా పక్క జిల్లాలోని భద్రాచలంలో మొదలుపెట్టారు. జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక 1.25 లక్షలు, స్లాబ్ పడ్డాక 1.75 లక్షలు, పూర్తయ్యాక లక్ష. ఇల్లు 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. అల్లుడి కోసం ఇంకో గది కలుపుదామన్న ఆలోచన వస్తే ఆ గది ఇప్పుడు కాదు, తర్వాత. ఇందులోనూ అదే చిక్కు చూడండి. మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకే వస్తుంది. బేస్‌మెంట్ లేపడానికి డబ్బు మీరే తేవాలి. పొదుపు సంఘం లోన్ దొరికితే అది తీసుకోండి. నోటు వడ్డీకి మాత్రం వెళ్లకండి.

జాగా లేదు, టౌన్‌లోనే ఉండాలి, బ్యాంకు లోన్‌తో కొంటారు అంటే మీకు వర్తించేది ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ. 2024 సెప్టెంబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ మంజూరై విడుదలైన లోన్లకే ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే జాగా, 120 చదరపు మీటర్లు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల వరకు, 4 శాతం వడ్డీ సబ్సిడీ. అన్నీ కలిపి గరిష్ఠంగా 1.80 లక్షలు. ఇది ఒకేసారి రాదు, ఐదు వార్షిక విడతల్లో వస్తుంది. అంటే ఏడాదికి 36 వేలు. లోన్ 8 లక్షల కంటే తక్కువైతే సబ్సిడీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఫ్లెక్సీ మీద ఈ ముక్క ఉండదు.

దేశంలో ఎక్కడా భార్య, భర్త, పెళ్లికాని పిల్లల పేరు మీద పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకం కిందా లబ్ధి పొంది ఉండకూడదు. "మా నాన్న పేరు మీద ఇల్లుంది, నాకు వస్తుందా?" అని రోజుకొకరు అడుగుతారు. పెళ్లయి వేరే కుటుంబంగా ఉండి, మీ ఇద్దరి పేరు మీదా ఏమీ లేకపోతే అడ్డు కాదు. ఇంకోటి, మీరు కొనే చోటు ఆ పథకం కిందకు వచ్చే పట్టణ పరిధిలో ఉందో లేదో బ్యాంకులోనే అడిగి రాయించుకోండి. ఊరి చివర గ్రామపంచాయతీల్లో వేసిన వెంచర్లలో ఫ్లాటు బేరమాడేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

సబ్సిడీకి సున్నా వేసి లెక్క

మళ్లీ ఆ జంట దగ్గరికి వస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు 24 వేలు. అద్దె 4,500. చూసిన ఫ్లాటు పాతది, 11 లక్షలు. 8 లక్షలు లోన్ అనుకున్నారు.

"మీ దగ్గర ఎంతుంది?" అంటే ఆమె, "మూడు లక్షలుంది అన్నా, సరిపోయింది" అంది.

సరిపోలేదు. మూడు లక్షలు ఫ్లాటు ధరకే పోయాయి. తెలంగాణలో అమ్మకపు రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం. 11 లక్షలకు 82,500. ఆంధ్రాలోనూ దాదాపు అంతే. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ అని బ్యాంకు దగ్గర పది, పదిహేను వేలు. పాత ఫ్లాటుకు సున్నం, రిపేర్లు, మీటరు పేరు మార్పు, అపార్ట్‌మెంట్ సంఘానికి కట్టేది అన్నీ కలిపి ఇంకో 60 వేలు వేశాం. నాలుగున్నర లక్షలు తేలింది. ఆ మిగిలిన లక్షన్నరే మనల్ని నోటు వడ్డీ దగ్గరికి తీసుకెళ్లేది. నన్ను తీసుకెళ్లిందీ సరిగ్గా అంతే.

30 లక్షల లోపు లోన్లకు ఇంటి విలువలో 90 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చన్నది నిజమే. కానీ ఇంటి ధర 10 లక్షలు దాటితే ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు. అది చేతి డబ్బే.

లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అని ఒకేసారి ముప్పై, నలభై వేలు కలిపేస్తారు. తప్పనిసరి అంటే ఆ మాటే కాయితం మీద రాసిమ్మనండి. సాధారణంగా రాసివ్వరు.

తర్వాత రిహార్సల్. ఇది నేను చేయని పని, అందుకే అందరికీ చెప్తాను. 8 లక్షలకు 8.5 శాతం మీద 20 ఏళ్ల ఈఎంఐ 6,943. మెయింటెనెన్స్ 700. కలిపితే 7,643. ఇప్పుడు కడుతున్న అద్దె 4,500 తీసేస్తే తేడా 3,143. ఆరు నెలల పాటు ప్రతి నెలా 5వ తేదీన 3,200 రూపాయలు వేరే ఖాతాలో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. బండి రిపేరుకొచ్చినా, పిల్లల ఫీజు వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. ఆరు నెలలు కట్టగలిగితే ఇల్లు కొనగలరు. పైగా చేతిలో 19 వేలు మిగులుతాయి. మూడో నెలలోనే ఆర్‌డీ తెంపారంటే, ఇంటి ఈఎంఐ అంత సులువుగా తెంపనివ్వదని గుర్తు పెట్టుకోండి.

ఆ జంట ఇప్పుడు ఈ రిహార్సల్‌లోనే ఉన్నారు.

లోన్ ఎక్కడ తీసుకుంటున్నారు?

జీతం చిట్టీ లేనివాళ్లను చాలా బ్యాంకులు ఐటీ రిటర్నులు అడుగుతాయి. ఆటో నడిపే మనిషి, మేస్త్రీ, మిర్చి మార్కెట్ హమాలీ ఎక్కడి నుంచి తెస్తారు? అప్పుడు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు ఇంటికే వస్తాడు. "పేపర్లు ఏమీ వద్దు, సబ్సిడీ కూడా మేమే పెట్టిస్తాం" అంటాడు. వడ్డీ 12 శాతం ఉండొచ్చు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు.

అదే 8 లక్షలు, అదే 20 ఏళ్లు. 8.5 శాతానికి ఈఎంఐ 6,943, 12 శాతానికి 8,809. నెలకు తేడా 1,866. ఎనిమిదేళ్లకు ఆ తేడా మొత్తం దాదాపు 1.79 లక్షలు. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ అంతా కలిపి 1.80 లక్షలు. ఎనిమిదేళ్లలో సబ్సిడీ మొత్తం ఆ కంపెనీకే పోయింది. మిగిలిన పన్నెండేళ్లు తేడా మీ జేబులోంచే.

ఈ లెక్క చెబితే చాలామంది నన్ను కాసేపు అపనమ్మకంగా చూస్తారు. క్యాలిక్యులేటర్ వాళ్ల చేతికే ఇస్తాను.

అందుకే ఇల్లు చూసే ముందు ఏడాది ముందే తయారవ్వండి. వచ్చే డబ్బులో సగమైనా బ్యాంకు ఖాతా గుండా పోనివ్వండి. ఆటోకు క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. రెండేళ్ల ఐటీ రిటర్నులు వేయించండి. ఆదాయం పన్ను పరిధిలో లేకపోయినా వేయొచ్చు, పన్ను కట్టనక్కర్లేదు. ఫోన్ ఈఎంఐ, బండి ఈఎంఐ ఒక్క నెల కూడా ఆలస్యం కానివ్వకండి. ఈ ఏడాది ఓపికకు దక్కేది, పైన లెక్క ప్రకారం నెలకు 1,866. సబ్సిడీ కంటే పెద్ద సబ్సిడీ ఇదే. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

బేరమాడేటప్పుడు

సబ్సిడీ మాట మీ నోటి నుంచి రాకూడదు. అమ్మేవాడికి మీ జేబులో ఇంకో 1.80 లక్షలు ఉన్నాయని తెలిస్తే ధర ఎందుకు తగ్గిస్తాడు? 2018లో మా అపార్ట్‌మెంట్‌లో, మొదటి పోర్షన్ కొన్న రిటైర్డ్ ఉద్యోగికి సబ్సిడీ వర్తించదు. ఆయన 14.60కి తెగ్గొట్టాడు. అదే కొలత ఫ్లాటు నాకు 15.25. సబ్సిడీ కొనేవాడికని కాయితం మీద ఉంటుంది. అందులో కొంత మాత్రం అమ్మేవాడి దగ్గరే ఆగిపోతుంది.

పార్కింగ్ వద్దంటే వద్దనండి. "ఎమినిటీస్" (అదనపు సౌకర్యాలు) అని వేరే కాయితం మీద డబ్బు అడిగితే, ఆ డబ్బుకు లోన్ రాదు, రిజిస్ట్రేషన్‌లో కనిపించదు, రేపు గొడవొస్తే సాక్ష్యం ఉండదు.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు అయితే రెరా, అంటే బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోండి. అందుబాటు ధర ఇళ్ల కిందకు వస్తే జీఎస్టీ 1 శాతం, లేకపోతే 5. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇక ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. నా ఉద్దేశం అడిగితే, నెలకు పాతిక వేల సంపాదన ఉన్నవాళ్లు కట్టుబడి ఫ్లాటు కొనకూడదు. అద్దె, లోన్ వడ్డీ రెండూ ఒకేసారి మోయాలి. తాళం ఎప్పుడిస్తాడో బిల్డర్‌కే తెలియదు.

దూరం లెక్క కూడా వేయండి. ఆ జంట ముందు చూసింది ఊరికి ఎనిమిది కిలోమీటర్ల అవతల. ధర లక్ష తక్కువ. కానీ ఆమె షాపుకు రావాలంటే షేర్ ఆటోకు పోను ముప్పై, రాను ముప్పై. నెలకు 26 రోజులకు 1,560. "నీ మొగుడి ఆటో ఉంది కదమ్మా" అంటే, "పొద్దున ఆరింటికే స్టాండుకు పోతాడు అన్నా, నా టైం వేరు" అంది. షాపు మూసేది రాత్రి తొమ్మిదిన్నరకు. అంత దూరం అప్పుడు ఎలా పోతుంది? ఉద్యోగం మానేస్తుంది. అప్పుడు ఈఎంఐ ఒక్క జీతం మీద పడుతుంది. లక్ష తక్కువని కొన్న ఇల్లు నెలకు ఒక జీతం తినేస్తుంది.

అప్లికేషన్

ఈ పని నిజానికి చిన్నది. కుటుంబంలో అందరి ఆధార్ కార్డులు, ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా, ఆదాయ ధృవీకరణ పత్రం, ఎక్కడా పక్కా ఇల్లు లేదని అఫిడవిట్, లోన్ మంజూరు పత్రం, ఇంటి కాగితాలు. పథకం పోర్టల్‌లో మీరే పెట్టొచ్చు, లోన్ ఇచ్చే బ్యాంకు ద్వారానైనా పెట్టొచ్చు. "సబ్సిడీ నేను ఇప్పిస్తా, పది వేలు అవుతుంది" అనే మనిషిని షాపు గుమ్మం కూడా ఎక్కనివ్వను నేను.

నా తప్పు మీరు చేయకండి. అగ్రిమెంటు రాసేముందే అన్ని కార్డులూ వరుసగా బల్ల మీద పరిచి, పేర్లు అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు, పొడి అక్షరం, పుట్టిన తేదీ, భర్త పేరా తండ్రి పేరా అన్నీ. పెళ్లయ్యాక చాలామంది ఆడవాళ్లకు ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాన్‌లో ఇంకొకటి, ఓటర్ కార్డులో పుట్టింటిది ఉంటాయి. ముందు ఆధార్ సరిచేయించి, మిగతావి దాని వెంట నడిపించండి. ఆ తర్వాతే రిజిస్ట్రేషన్.

రిజిస్ట్రేషన్ ఆడవాళ్ల పేరున, లేకపోతే ఇద్దరి పేరునా చేయించండి. మా రోజుల్లో మా ఆదాయ వర్గానికి అది తప్పనిసరి. నాకప్పుడు మనసులో కొంచెం గుచ్చుకుంది, దాచుకోవడం ఎందుకు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ మీటింగుకు మా ఆవిడే వెళుతుంది, ఓనర్ తనే కాబట్టి. నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. లిఫ్ట్ రిపేరు డబ్బు బిల్డర్ చేతే కట్టించింది.

సబ్సిడీ వచ్చాక

మాకు సబ్సిడీ పడగానే బ్యాంకు మమ్మల్ని అడగకుండానే ఈఎంఐ తగ్గించింది. నేను సంతోషపడ్డాను. ఏడాదిన్నర తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి జిరాక్స్ కోసం షాపుకొచ్చి, మాటల్లో చెప్పాడు. "ఈఎంఐ పాతదే ఉంచమని రాసివ్వాల్సింది అన్నా."

లెక్క ఇదీ. సబ్సిడీ పడ్డాక మా అసలు 9.05 లక్షలు. మిగిలిన వాయిదాలు 226. బ్యాంకు చేసినట్టు 8,098 చొప్పున 226 నెలలు కడితే 18.30 లక్షలు. పాత 10,490 కడుతూ పోతే 135 నెలల్లో అప్పు తీరేది, మొత్తం 14.16 లక్షలు. వడ్డీ రేటు మారదనుకుంటే ఏడున్నరేళ్ల ముందే తీరేది, 4 లక్షల పైచిలుకు మిగిలేవి. 2.67 లక్షల సబ్సిడీ అసలు బలం ఇక్కడుంది.

అయితే అందరూ వెంటనే ఇదే చేయాలని చెప్పను. నోటు అప్పు మిగిలి ఉంటే ముందు అది తీర్చండి. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 8.6 శాతం అప్పును పరుగెత్తించి 24 శాతం అప్పును కూర్చోబెట్టడం తెలివి కాదు. నేను తెలియక చేసినా అది సరైన పనే అయింది. తగ్గిన 2,392కి ఇంకాస్త కలిపి నోటు అసలు తీరుస్తూ పోయాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి షాపు మూతపడ్డప్పుడు, రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా ఇచ్చిన మారటోరియం, అంటే వాయిదాలు ఆపుకునే వెసులుబాటు, కూడా వాడుకున్నాను. ఆ నెలల వడ్డీ ముప్పై ఐదు వేల పైనే అసలుకు చేరింది, ఊరికే ఏమీ ఇవ్వలేదు. అయినా ఈఎంఐ తగ్గి ఉండటం అప్పుడు మమ్మల్ని నిలబెట్టింది. నోటు 2021 చివర్లో చింపించాను. ఆ తర్వాతే బ్యాంకుకు ఉత్తరం పెట్టాను.

కొత్త పథకంలో సబ్సిడీ ఏటా కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి, వచ్చిన ప్రతిసారీ అది అసలులోకే పోయేలా చూసుకోండి. ఇందులో ఇంకో ముడి ఉంది. విడత విడుదలయ్యే సమయానికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. తమ్ముడు కువైట్ నుంచి డబ్బు పంపాడనో, చిట్టీ పాడామనో రెండో ఏడాదే సగం పైన కట్టేస్తే మిగతా విడతలు ఆగిపోతాయి. అలాంటి డబ్బు చేతికొస్తే, సగం గీత దాటకుండా కట్టి, మిగతాది ఫిక్స్‌డ్‌లో పెట్టండి. ఐదో విడత వచ్చాక కట్టేయొచ్చు. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ హోమ్ లోన్ ముందుగా తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. అలాగే వరుసగా మూడు నెలలు ఈఎంఐ ఎగ్గొడితే లోన్ మొండిబాకీ అవుతుంది, దాంతో సబ్సిడీ కూడా పోతుంది. ఇల్లు కూడా ఐదేళ్ల దాకా అమ్ముకోలేరు. అంటే ఈ ఊళ్లో ఐదేళ్లు ఉండే పని ఉన్నవాళ్లకే ఈ ఇల్లు.

బ్యాంకుకు రాసే ఉత్తరం నా కంప్యూటర్‌లో ఎప్పుడూ ఉంటుంది. మీరూ ఇలాగే రాసుకోండి.

"బ్రాంచి మేనేజర్ గారికి, నా గృహరుణ ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన ఇన్ని రూపాయల వడ్డీ సబ్సిడీ నా ఖాతాలో అసలు కింద జమ అయింది. నా ఈఎంఐ తగ్గించకుండా పాత మొత్తమే కొనసాగించి, మిగిలిన వాయిదాల సంఖ్య తగ్గించి, కొత్త వాయిదాల పట్టిక ఇప్పించగలరని మనవి."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి. నన్ను మూడుసార్లు తిప్పారు. మొదటిసారి సిస్టమ్ డౌన్, రెండోసారి సార్ లీవు. మూడోసారి ముద్ర వేసిన కాపీ చూపిస్తే ప్రింటు తీసి చేతిలో పెట్టారు. షాపులోనే లామినేషన్ చేసి ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ దాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించి, నెలనెలా స్కెచ్ పెన్నుతో ఒక్కో వాయిదా కొట్టేస్తోంది.